నాన్న గురించి నిజం రాయాలా, మంచి రాయాలా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నేను హైదరాబాద్‌లో తెలుగు టీచర్‌ని. మా నాన్న పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు. దసరా దాటిందంటే మనిషి ఇంట్లో కనిపించేవారు కాదు. ఎప్పుడో తెల్లవారుజామున తలుపు కొట్టేవారు. చెవుల వెనక నీలం రంగు ఇంకా పోయి ఉండేది కాదు. మమ్మల్ని నిద్ర లేపి కాకినాడ కాజాలు పంచి, పద్యం పాడి నవ్వించేవారు. ఆ వేళప్పుడు కూడా అమ్మ లేచి ఆయనకు వేడినీళ్ళు పెట్టేది. నాన్న జేబులో మాత్రం రూపాయి ఉండేది కాదు. తాగేవారు. ఎకరంన్నర పొలం అమ్మేశారు. అమ్మ రెండు గేదెల మీద, జాకెట్లు కుట్టిన డబ్బు మీద మా ముగ్గుర్నీ చదివించింది. చెల్లి ఇంజినీరింగ్ ఫీజుకని బియ్యం డబ్బాలో దాచిన డబ్బు నాన్న తీసుకెళ్ళి నాటకానికి పెట్టారు, కాంట్రాక్టర్ ఎగ్గొట్టాడు. చెల్లి సీటు వదులుకుని డిగ్రీలో చేరింది.

నాన్న పోయి ఏడాది కావస్తోంది. అప్పుడు అన్నయ్య అమెరికా నుంచి సమయానికి రాలేకపోయాడు. ఇప్పుడు సంవత్సరీకానికి వస్తూ స్మృతి సంచిక వేయిద్దామంటున్నాడు. "కళామతల్లి ముద్దుబిడ్డ, ఆదర్శ తండ్రి" అని నన్నే రాయమంటున్నాడు. చెల్లేమో "అందులో నా పేరు వేస్తే ఊరుకోను, అసలు రానే రాను" అంటోంది. అమ్మ "మీ ఇష్టం" అని ఊరుకుంటుంది. పదకొండో రోజున, నాన్న పక్కన ద్రౌపది వేషం కట్టే ఒకావిడ వచ్చి పశువుల కొట్టం దగ్గరే నిలబడి ఏడ్చింది. అమ్మ ఆమెకు కాఫీ ఇచ్చి పంపింది. అన్నయ్య దానికి ఇప్పటికీ మండిపడుతున్నాడు. ఇది చాలదన్నట్టు, నాన్న నాలుగేళ్ళ కిందట రాసిచ్చిన ప్రోనోటు పట్టుకుని ఒకాయన అమ్మ దగ్గరికి వస్తున్నాడు. పన్నెండేళ్ళ మా అబ్బాయికి తాతయ్యంటే ప్రాణం, ఆయన హార్మోనియం తనకే కావాలంటాడు. నేనేం రాయను? నిజం రాస్తే నాన్నకు ద్రోహం, రాయకపోతే అమ్మకు ద్రోహం చేసినట్టుంది. పేరు వేయకండి.

సమాధానం:

అమ్మా,

ముందు "ఆదర్శ తండ్రి" అన్న మాట కొట్టేయండి. మిగతావి ఆ తర్వాత మాట్లాడుకుందాం. ఆ మాట ఉన్నంతవరకు మీ చెల్లెలు ఆ పుస్తకం ముట్టుకోదు. మీ అమ్మగారు ఒకసారి చూసి బీరువాలో పెట్టేస్తారు. మీ నాన్నగారితో ఊళ్ళు తిరిగిన నాటకం పార్టీవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. ఆయనే బతికుండి చదివితే అందరికన్నా ముందు ఆయనే నవ్వేవారని నా అనుమానం.

చచ్చినవాడి కళ్ళు చారెడు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. సంవత్సరీకం ఫ్లెక్సీలు చూడండి. పోయిన ప్రతివాడూ స్నేహశీలి, మృదుస్వభావి, అజాతశత్రువు. ఫోటో తీసేసి పక్క వీధి ఆయన ఫోటో అతికించినా ఆ మాటలు చక్కగా సరిపోతాయి. మీ ఉత్తరంలో మాత్రం నాకు ఒక మనిషి కనిపించాడు. చెవుల వెనక పోని రంగు, అర్ధరాత్రి దాటాక కాజాల పొట్లం, ఖాళీ జేబు. ఈ మూడూ కలిసి ఇంకెవరికీ సరిపోవు. మీరు ఏం రాయాలో తెలియడం లేదంటున్నారు కానీ, సగం వ్యాసం నాకు రాసి పంపేశారు.

ఇక మీ చివరి వాక్యం. నిజం రాస్తే ఒకరికి, రాయకపోతే మరొకరికి ద్రోహం అన్నారు. చిక్కు నిజంతో వచ్చింది కాదని నాకనిపిస్తోంది. మీ నాన్నగారు స్వేచ్ఛగా బతికారు, సరే. ఆ స్వేచ్ఛకు అయిన ఖర్చు ఎవరు భరించారు? మీరంతా తప్పించుకు తిరుగుతున్న ప్రశ్న ఇదే. దానికి జవాబు ఆ పుస్తకంలో ఉంటే ఆయన అల్లరి, ఆయన గొంతు, ఆయన కాజాలు అన్నీ నిర్భయంగా రాసుకోవచ్చు. లేకపోతే ఎంత బాగా రాసినా మీకే ఎక్కడో తప్పు చేసిన ఫీలింగ్ ఉంటుంది.

ఆయన పక్షాన కూడా కొంత చెప్పాలి. పద్యనాటకం మీద బతికేవాడి లెక్కలు నెలజీతం వాళ్ళ లెక్కల్లా ఉండవు. దసరా నుంచి శ్రీరామనవమి పందిళ్ళ దాకా సీజన్. శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ళు, ఆ చుట్టుపక్కల ఊళ్ళ జాతర్లు. రాత్రంతా నాటకం, పగలు బస్సులోనో ఎవరి వసారాలోనో నిద్ర. పద్యానికి జనం వన్స్ మోర్ అని అరుస్తారు, చదివింపులు చదివిస్తారు. ఆ డబ్బు ఆ రాత్రే ఖర్చయిపోతుంది. వానాకాలం వచ్చేసరికి చేతిలో పని ఉండదు, వచ్చే సీజన్‌కి కాంట్రాక్టర్ ఇచ్చే అడ్వాన్సే దిక్కు. అది తీసుకున్నాక అతను పిలిచిన ఊరికల్లా వెళ్ళక తప్పదు. ఇంట్లో ఉండకపోవడం ఆయన సరదా ఒక్కటే కాదు, కొంతవరకు ఆ పని తీరే అంత. వేల మంది చప్పట్లు విన్న మనిషి తెల్లారి కిరాణా కొట్టువాడి మొహం చూడలేకపోవడం కూడా నాకు అర్థమవుతుంది.

అర్థమవుతుంది గానీ, వేషం కట్టినవాళ్ళందరూ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టలేదు. చదివింపుల్లోంచి పదో పరకో ఆ పూటే తీసి ఇంటికి మనియార్డర్ చేసినవాళ్ళూ అదే స్టేజీ మీద ఆడారు. కాబట్టి కళాకారుడు కదా, అలాగే ఉంటారు అనే వాక్యం మీ వ్యాసంలోకి రానివ్వకండి. కళ పేరు చెప్పి ఆయన్ని వెనకేసుకొస్తే ఆ మిగతా కళాకారులకు కూడా అన్యాయం చేసినట్టవుతుంది.

సురభి వాళ్ళ సంగతి తీసుకోండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక సమాజంలో కుటుంబం కుటుంబమంతా నాటకంలోనే ఉంటుంది. భార్యా వేషం వేస్తుంది, పిల్లలూ వేస్తారు. తిన్నా పస్తున్నా అందరూ ఒకచోటే. ఆడదానికి కష్టం అక్కడ తక్కువని నేననను, కానీ చప్పట్లలో ఆమెకూ వాటా ఉంటుంది. మీ నాన్నగారి లాంటి పార్టీల్లో మగవాడు ఒక్కడే పెట్టె సర్దుకుని వెళ్తాడు. ఇల్లు, గేదెలు, పిల్లలు, బాకీలు ఆమెకు వదిలేసి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అనే సామెత మీ ఇంట్లో అక్షరాలా జరిగింది. కళాకారుల స్మృతి సంచికలు నేను చాలానే చూశాను. సన్మానాలు, శాలువాలు, బిరుదులు పేజీలకు పేజీలు ఉంటాయి. ఇల్లు నడిపినావిడ గురించి చివర్లో ఒక్క వాక్యం, "ధర్మపత్ని సహకారం మరువలేనిది" అని. మీ పుస్తకంలో ఆ వాక్యం ఉండకూడదు.

దాని బదులు ఏం ఉండాలంటారా? పాల కేంద్రంలో పూటపూటకీ లీటర్లు, వెన్నశాతం రాసిచ్చే పుస్తకాలు మీ అమ్మగారి దగ్గర ఒకటో రెండో మిగిలే ఉంటాయి. ఆ తరం ఆడవాళ్ళు లెక్కల పుస్తకం అంత తేలిగ్గా పారేయరు. దొరికితే ఒక పేజీ ఫోటో తీయించి సంచికలో వేయండి. పక్క పేజీలో నాన్నగారి కృష్ణుడి ఫోటో, కిరీటంతో సహా. కింద వివరణ ఏమీ రాయొద్దు, ఏ సంవత్సరానివో మాత్రం వేయండి. మీ ఊరివాళ్ళకు అర్థమవుతుంది. మీ చెల్లెలికి అందరికన్నా ముందు అర్థమవుతుంది.

వ్యాసం ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే, నేనైతే ఇలా మొదలుపెడతాను. చాలావరకు మీ ఉత్తరంలోని సంగతులే ఇవి, మాసిన బట్టలు, అరుగు మీద జనం, కిరాణా బాకీ లాంటివి నేను ఊహించి కలిపాను:

"నాన్న ఎప్పుడు వస్తారో మాకు తెలిసేది కాదు. తెల్లవారుజామున తలుపు చప్పుడైతే అమ్మ ముందు పొయ్యి మీద నీళ్ళు పడేసి, తర్వాత వెళ్ళి తలుపు తీసేది. నాన్న మాకు కాజాలు ఇచ్చేవారు, అమ్మకు మాసిన బట్టలు ఇచ్చేవారు. మేం ముగ్గురం ఆయన చుట్టూ చేరి పద్యం పాడమనేవాళ్ళం. పాడేవారు. వీధిలో వాళ్ళు కూడా లేచి వచ్చి అరుగు మీద కూర్చునేవారు. ఆ వారం పాలడబ్బుతో అమ్మ కిరాణా బాకీ కట్టింది."

ఇందులో ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆయన దగ్గర ఏం దొరికేదో, ఏం దొరికేది కాదో చదివేవాళ్ళకు తెలిసిపోయింది. ఇలాంటివే ఆరేడు సంఘటనలు రాయండి. కోపం వచ్చిన చోట కోపాన్ని కొట్టేయకండి, కానీ దానికి విశేషణాలు తగిలించకండి. "బాధ్యతారాహిత్యం" అని రాస్తే తీర్పు ఇచ్చినట్టు ఉంటుంది. "పొలం రిజిస్ట్రేషన్ రోజున ఆయన కొత్త జుబ్బా కుట్టించుకున్నారు" అని రాస్తే (అలాంటిది నిజంగా జరిగి ఉంటేనే సుమా) జనం వాళ్ళే అనుకుంటారు. తెలుగు టీచరుకు ఇది నేను చెప్పాలా అనుకోకండి. సొంత తండ్రి విషయానికి వచ్చేసరికి ఎంతటివాళ్ళకైనా సమాసాలే తన్నుకొస్తాయి.

పార్టీవాళ్ళను కూడా అడగండి. ఆయనతో వాయించిన హార్మోనిస్టు, మేకప్ వేసినాయన, డ్రెస్సులు అద్దెకిచ్చిన కొట్టు మనుషులు ఎవరైనా బతికుంటే తెనాలి చుట్టుపక్కలే ఉంటారు. ఫోన్‌లో రికార్డు పెట్టి మాట్లాడించండి. ఆయన ఏ పద్యం ఏ రాగంలో ఎత్తుకునేవారు, ఎక్కడ గొంతు నిలిపేవారు, ఏ ఊళ్ళో జనం ఎన్నిసార్లు వెనక్కి పిలిచారు, ఎక్కడ తాగి స్టేజీ ఎక్కి పద్యం మరిచిపోయారు, ఇవన్నీ వాళ్ళకే తెలుసు. ఇంట్లోవాళ్ళకు తెలియని పనిమంతుడు ఒకడు ఆయనలో ఉండే ఉంటాడు. ఆయన్ని కూడా పుస్తకంలోకి తీసుకురావాలి. తప్పులు రాయడం ఎంత నిజమో, ఆ గొంతు బాగుండేదని రాయడం కూడా అంతే నిజం.

ఇప్పుడు మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ సంగతికి వద్దాం. పద్యనాటకంలో ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు ఉండటం మీకు కొత్త కాదు. పడకసీనుకు (నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి దుర్యోధనుడు, అర్జునుడు వచ్చే ఘట్టం) ఒకటో కృష్ణుడు, రాయబారానికి రెండో కృష్ణుడు, ఆ తర్వాత మూడో ఆయన. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు లాంటివాళ్ళ కాలం నుంచి ఏ కృష్ణుడు గొప్ప అని అరుగుల మీద వాదించుకున్నారు గానీ, ఇందులో అసలు కృష్ణుడు ఎవరు అని ఎవరూ అడగలేదు. మీ ముగ్గురికీ ముగ్గురు నాన్నలు దొరికారు. మీ అన్నయ్య చిన్నప్పుడు పొలం ఇంకా ఉండి ఉంటుంది, తాగుడు అంత ముదిరి ఉండదు, భుజాల మీద ఎక్కించుకుని తిరనాళ్ళకు తీసుకెళ్ళిన నాన్న ఆయనది. మీకు కాజాలు, పద్యాలు దక్కాయి. చెల్లెలు పెద్దదయ్యేసరికి మిగిలింది ఖాళీ డబ్బా. ముగ్గురూ నిజమే చెబుతున్నారు. ముగ్గురి చేతా ఒకే వ్యాసం మీద సంతకం పెట్టించాలనుకోవడం వల్లే ఇంత గొడవ.

కాబట్టి ఎవరి పేజీ వాళ్ళకు ఇవ్వండి. "కన్నీటితో కుటుంబ సభ్యులు" అని అందరి పేర్లూ కలిపి కింద వేసే ఆచారం ఉందే, అది మానేయండి.

చెల్లెలికి ఫోన్ చేసినప్పుడు సంచిక ఊసు మొదటే ఎత్తకండి. పోయినవాళ్ళ మీద కోపమేంటే అని ఈపాటికి ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు, మీరు మాత్రం అనకండి. నాన్నకు నువ్వంటే ప్రాణం అని అసలు అనకండి. అంత ప్రాణమైతే నా ఫీజు ఎందుకు తీశారు అని ఆమె అడుగుతుంది, మీ దగ్గర జవాబు ఉండదు. ఆమె పోగొట్టుకున్నది డబ్బు ఒక్కటే కాదు. సీటు వచ్చిన సంబరంలో ఉన్న పిల్ల, ఇంట్లో తన చదువు కన్నా నాటకం ముఖ్యమని ఆ రోజు తెలుసుకుంది. తర్వాత ఎంత స్థిరపడినా ఆ తెలిసిన విషయం పోదు. అప్పుడు మీరిద్దరూ ఏం చేశారో నాకు తెలియదు. బహుశా మీరూ చిన్నవాళ్ళే, చేయగలిగింది ఏమీ లేకపోయి ఉండవచ్చు. అయినా "ఆ రోజు నీకు జరిగింది అన్యాయం, మేమెవ్వరం గట్టిగా ఆ మాట అనలేదు" అని మీరు ఇప్పుడు అనొచ్చు. దానికి బదులుగా ఆమె నుంచి ఏమీ ఆశించకండి. మాట అని ఊరుకోండి.

ఫీజు సంగతి పుస్తకంలో రావాలా వద్దా అన్నది ఆమె తేల్చాలి. అది ఆమెకు జరిగింది. మీరు ఎంత సానుభూతితో రాసినా, ఆమెను అడక్కుండా రాస్తే మళ్ళీ ఆమెది ఆమెకు చెప్పకుండా తీసుకున్నట్టే. వద్దంటే వదిలేయండి. రాస్తానంటే నాలుగు లైన్లయినా సరే, ఆమె రాసింది రాసినట్టు వేయండి, టీచరు బుద్ధితో దిద్దకండి. అసలు రానంటే వదిలేయడమే మంచిది. బలవంతంగా తీసుకొచ్చి పిండాల దగ్గర కూర్చోబెడితే ఆ రోజు అందరికీ టెన్షనే.

మీ అన్నయ్య విషయంలో నాకు ఒకటి తోస్తోంది. ఆయన సమయానికి రాలేకపోయారు. విమానాలు, సెలవులు, దూరం, తప్పు ఎవరిదీ కాకపోవచ్చు. కానీ కొడుకుగా చేయాల్సిన వేళకు లేననే బాధ మనిషిని ఊరికే ఉండనివ్వదు. "ఆదర్శ తండ్రి", మంచి ఆర్టు పేపరు, రంగుల అట్ట, ఇదంతా తండ్రిని పొగడటం కన్నా ఎక్కువగా తండ్రికి చెప్పుకునే క్షమాపణలా ఉంది. వాదించకండి. ఆయన్ని కూడా ఒక పేజీ రాయమనండి, అదీ నాన్నగారు పోయారని తెలిసిన రాత్రి గురించి. ఫోన్ ఎప్పుడు వచ్చింది, ఎయిర్‌పోర్టులో ఎంతసేపు కూర్చున్నారు, చివరి చూపు వీడియో కాల్‌లో చూశారా, అసలు చూడలేకపోయారా. ఆ పేజీ రాశాక ఆయనకు ఆ బిరుదుల మీద పట్టుదల ఇంత ఉంటుందా అని నా అనుమానం.

అమ్మగారి "మీ ఇష్టం" అన్నది ఒప్పుకోలు అనుకోకండి. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఆ మాటే అని ఉంటారు. "నాన్న ఎలాంటివారమ్మా" అని అడిగితే జవాబు రాదు. ఆ తరం వాళ్ళు అలాంటి ప్రశ్నకు మౌనంగా ఉంటారు, లేదా "ఇప్పుడెందుకులే" అంటారు. వస్తువుల గురించి అడగండి. పెద్ద గేదెను ఎప్పుడు అమ్మావు, ఎంతకు అమ్మావు? కుట్టుమిషను ఎవరు కొన్నారు? ఆయన నాటకం నువ్వు ఎప్పుడైనా చూశావా, ముందు వరసలో కూర్చున్నావా, వెనక ఆడవాళ్ళలో కూర్చున్నావా? అలా అడిగితే ఆవిడ మాట్లాడతారు. మాట్లాడితే, మీరు అనుకున్నంత బాధ కాకుండా వేరే ఏదో బయటికి రావచ్చు. ఆ వేళప్పుడు లేచి వేడినీళ్ళు పెట్టిన మనిషికి ఆయన రాక ఒక చాకిరీ మాత్రమే అయ్యుండదు. సంచికలో ఆవిణ్ణి "సహనశీలి" అని రాయకండి. అది ఆవిడకు వేసే ఫ్లెక్సీ అవుతుంది. ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే వేయండి, వేయొద్దంటే వినేసి మీ దగ్గర ఉంచుకోండి.

పదకొండో రోజు వచ్చినావిడ గురించి మీ అన్నయ్య మండిపడుతున్నారు కానీ, కాఫీ ఇచ్చింది మీ అమ్మగారు. ఆ విషయంలో కోపం తెచ్చుకునే హక్కు ఎవరికైనా ఉంటే అది ఆవిడకే ఉంది. ఆవిడ ఆ హక్కును అలా వాడుకున్నారు. సంవత్సరీకానికి ఆమెను పిలవాలా వద్దా అని అమ్మగారిని ఒకే ఒక్కసారి, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. ఏం చెబితే అది చేయండి, కారణం అడగొద్దు. పుస్తకంలో ఆమె ప్రస్తావన ఎలా రావాలంటే, ద్రౌపది వేషధారిగా, ఆయనతో ఆడిన నటుల పేర్లలో ఒక పేరుగా. అంతకుమించి మీకు తెలిసింది ఏమిటి? పశువుల కొట్టం దగ్గర ఒకామె ఏడవడం చూశారు. ఏళ్ళ తరబడి ఒకే స్టేజీ మీద ఆడినవాళ్ళు అలా ఏడవడానికి ఇంకే కారణమూ అక్కర్లేదు. వేరే ఏదైనా ఉందని తెలిసినా అది ఊరికి పంచే పుస్తకంలో పెట్టేది కాదు. చెప్పకుండా ఉండటం వేరు, అబద్ధం రాయడం వేరు. "శ్రీరామచంద్రుడి లాంటివాడు" అని మాత్రం రాయకండి, అంతే.

ప్రోనోటు సంగతి తేల్చడం వీటన్నిటికన్నా సులువు. తండ్రి అప్పు కొడుకు ధర్మంగా తీర్చి తీరాలనే పాత సూత్రం మీద, 2005 సెప్టెంబర్ 9 తర్వాత చేసిన అప్పులకు కొడుకుల మీదికి రావడం కుదరదు. హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణలో ఆ మాట స్పష్టంగా ఉంది. ఆయన పేరు మీద ఆస్తి ఏదైనా మిగిలి మీకు వస్తే, ఆ విలువ మేరకే వారసుల బాధ్యత. అమ్మగారు తన సంపాదనతో తన పేరు మీద కొనుక్కున్నది ఏదైనా ఉంటే దాని జోలికి ఎవరూ రాలేరు, ఆవిడ నోటు మీద సంతకం పెట్టి ఉంటే తప్ప. ప్రోనోటుకు మామూలుగా మూడేళ్ళ గడువు. మధ్యలో కొంత డబ్బు కట్టి, నాన్నగారు సంతకంతో చెల్లు రాసి ఉంటే అక్కడి నుంచి మళ్ళీ లెక్క. కాబట్టి ఆ నోటు వెనక ఏముందో చూడండి, జిరాక్స్ అడిగి ఒక వకీలుకు చూపించండి. నోటు పట్టుకొచ్చే ఆయన ఈసారి వచ్చినప్పుడు "ఇస్తాం" అని ఏ కాగితం మీదా ఎవరూ సంతకం పెట్టకండి, ముఖ్యంగా అమ్మగారు. గడువు దాటిన బాకీని తీరుస్తామని రాతపూర్వకంగా ఒప్పుకుంటే దానికి మళ్ళీ ప్రాణం వస్తుంది. ఆయన నిజంగా కష్టంలో ఆదుకున్న మనిషి అయితే, అన్నయ్య తన ఇష్టంతో ఎంతో కొంత ఇవ్వొచ్చు. ఆ చర్చలోకి అమ్మగారిని లాగకండి. ఆవిడ కట్టాల్సినవన్నీ ఎప్పుడో కట్టేశారు.

మీ అబ్బాయికి పన్నెండేళ్ళంటే తాతయ్య తాగేవాడని వాడికి ఈపాటికే తెలిసి ఉంటుంది. పిల్లలకు వాసన తెలుస్తుంది. తాతయ్య బాగా పాడేవాడు, బాగా తాగేవాడు, అమ్మమ్మను చాలా కష్టపెట్టాడు అని మామూలు గొంతుతో చెప్పండి. పిన్ని ఫీజు సంగతి ఇప్పుడే అక్కర్లేదు, వాడు ఇంటర్‌కు వచ్చేసరికి పిన్ని ఒప్పుకుంటే చెప్పండి. కానీ ఇంకెవరో చెప్పేలోపు మీరే చెప్పాలి. యుద్ధం అయ్యాక తర్పణాలు విడిచే వేళ కర్ణుడికి కూడా విడవమని, వాడు నా పెద్దకొడుకు అని కుంతి చెప్పినప్పుడు ధర్మరాజు కుమిలిపోయింది ఆ నిజం విన్నందుకే కాదు, అంత ఆలస్యంగా విన్నందుకు. ఆడవాళ్ళకు రహస్యం దాగకూడదని ఆయన శపించింది కూడా అందుకే. (శాపం మాత్రం అన్యాయంగా అందరికీ తగిలింది.)

హార్మోనియం తనకే కావాలని వాడు అంటున్నాడు. ముందు అమ్మగారిని అడగండి. ఆవిడకు ఆ పెట్టె కనిపించకపోతే ప్రాణం కుదుటపడొచ్చు, లేదా అది ఉన్న మూల ఖాళీ అయితే ఇల్లు బోసిపోవచ్చు. మనం బయటి నుంచి చెప్పలేం. అక్కడే ఉండాలంటే వాడు సెలవులకు వెళ్ళి వాయించుకుంటాడు. ఇస్తానంటే తెచ్చి బీరువా మీద పెట్టకండి. వాడకపోతే తేమకు రీడ్లు పట్టేస్తాయి, గాలి తిత్తి (బెల్లోస్) పాడవుతుంది. ఒకసారి మరమ్మతు తెలిసినవాళ్ళకు చూపించి, వాడిని రోజూ కాసేపు కూర్చోబెట్టండి. పద్యాలే నేర్చుకోవాలని పట్టుబట్టకండి, సినిమా పాట వాయించినా పర్లేదు.

ఇంకొక్క సంగతి, ఇది అర్జెంటు. మీ అన్నయ్య కిందటేడు తేదీ చూసుకుని టికెట్ తీసుకుంటున్నారేమో కనుక్కోండి. సంవత్సరీకం తిథిని బట్టి పెడతారు. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులే కాబట్టి, మామూలుగా తిథి కిందటేడు తేదీ కన్నా దాదాపు పదకొండు రోజులు ముందే వస్తుంది. మధ్యలో అధిక మాసం ఉంటే ఆ లెక్క తిరగబడి దాదాపు మూడు వారాలు ఆలస్యంగా వస్తుంది. మీ పురోహితుడికి ఈ రోజే ఫోన్ చేసి తేదీ ఖాయం చేయించుకుని అన్నయ్యకు మెసేజ్ పెట్టండి. రెండు రోజులు ముందుగానే దిగేలా చూసుకోమనండి.